గోర్లిట్స్‌లో పాత ఇల్లు: నోటరీ కంటే ముందు వెళ్ళాల్సిన చోటు

తమ్ముడూ, జర్మనీలోని గోర్లిట్స్‌లో నువ్వు కొనాలనుకుంటున్న ఇంటి ఫోటోలు చూశాను. పునరుజ్జీవన కాలం నాటి ఇల్లు, అద్దెకిచ్చిన మూడు వాటాలు, పెరట్లో రెండు పాత కొట్టాలు. చూస్తే ఎవరికైనా మనసవుతుంది. ఆ ఊళ్ళో 1526లో కట్టిన షోన్‌హోఫ్ అనే పాత భవనం ముందు నిలబడితే నాకు ఇప్పటికీ కాలు కదలదు. కానీ బేరం మొదలుపెట్టే ముందు పురాతన కట్టడాల ఆఫీసుకు వెళ్ళు. కొనుగోలు ఒప్పందం ఖాయం చేసే నోటరీ సంగతి తర్వాత.

ఎందుకంటే, అద్దెకిచ్చే రక్షిత కట్టడానికి ఆఫీసు ఒప్పుకున్న మరమ్మతు ఖర్చును 8 ఏళ్ళు ఏటా 9 శాతం, ఆపై 4 ఏళ్ళు 7 శాతం చొప్పున పన్ను లెక్కలో తగ్గించుకోవచ్చు. ఇల్లు కొన్న ధరకు ఇది వర్తించదు. పైగా పని మొదలుపెట్టక ముందే వాళ్ళతో మాట్లాడి ఒప్పించాలి. నేను దెబ్బతిన్నది ఇక్కడే. వేరే ఊళ్ళో నా ఇంటి వెనక కొట్టం కారుతోందని చలికాలానికి ముందే కప్పు మార్పించాను. "వెనకవైపే కదా, కాగితం అక్కర్లేదు" అన్నాడు మేస్త్రీ. నేను ఆఫీసుకు వెళ్ళేసరికి పాత పెంకులు చెత్త బండిలో వెళ్ళిపోయాయి. ఆ ఖర్చుకు పన్ను తగ్గింపు సర్టిఫికెట్ ఇవ్వలేదు. అందుకే నీ రెండు కొట్టాలూ రక్షిత జాబితాలో ఉన్నాయో లేదో రాతపూర్వకంగా అడుగు.

అద్దెవాళ్ళు ఇంటితోపాటే వస్తారు. మన ఊళ్ళోలా ఖాళీ చేయించి ఇమ్మంటే కుదరదు. వాళ్ళ పాత ఒప్పందాలే నీకూ వర్తిస్తాయి, డిపాజిట్ల బాధ్యతతో సహా.

చేతిరాత అగ్రిమెంటుతో ఇక్కడ ఇల్లు కొనలేం. నోటరీ ఒప్పందమంతా మొదటి నుంచి చివరి దాకా గట్టిగా చదువుతారు, చాలా వేగంగా. జర్మన్ సరిగా అర్థం కాకపోతే మొహమాటపడకుండా చెప్పు, అనువాదకుడు కావాలని ముందే అడుగు. గోర్లిట్స్ ఉన్న సాక్సనీ రాష్ట్రంలో కొనుగోలు పన్ను ఇంటి ధరలో 5.5 శాతం. నోటరీ, భూమి రిజిస్టరు ఖర్చులకు మరో 2 శాతం దాకా పెట్టుకో. బ్రోకరు ఫీజు ఉంటే అది వేరు.

ఇల్లు చూడటానికి వానపడ్డ మర్నాడు వెళ్ళు. కొట్టం మూల గోడ అడుగున అరచెయ్యి పెట్టి చూడు. చెమ్మ తగిలినా, తెల్లగా ఉప్పు రాలినా ఫోటో తీసి, అద్దె ఒప్పందాలతోపాటు నాకు పంపు. ఆదివారం ఫోన్లో మాట్లాడుకుంటూ చదువుదాం.