ఇంటి పార్టీని వదిలేటప్పుడు

చిరంజీవి అబ్బాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. "పార్టీ మారదామనుకుంటున్నా, నాన్నకెలా చెప్పాలి" అని రాశావు. అందులో రెండు పనులు ఒకే మాటలో కలిసిపోయాయి. ఉన్న పార్టీలోంచి బయటికి రావడం ఒకటి, ఇంకోదాంట్లో చేరడం ఇంకోటి. మొదటిది నీ ఇష్టం, ఎవరూ కాదనలేరు. రెండోది మాత్రం ఇప్పుడప్పుడే వద్దంటాను. రెండూ ఒకే వారంలో చేస్తే ఇంట్లోవాళ్ళకు మొదటిది కనిపించదు, రెండోదే కనిపిస్తుంది. మనవాడు అవతలివాళ్ళతో కలిశాడు అన్న ఒక్క మాటే మిగులుతుంది.

ముందు నీ విసుగు ఎవరి మీదో తేల్చుకో. అధినాయకుడి మీదా, నియోజకవర్గం ఇన్‌చార్జి మీదా, ఊళ్ళో పెత్తనం చేసేవాళ్ళ మీదా, లేకపోతే పార్టీ చేసిన ఫలానా పని మీదా? ఎమ్మెల్యే అభ్యర్థి ఒక్కడే నచ్చకపోతే పార్టీనే వదిలెయ్యక్కర్లేదు. 2024 మే 13న మన ఆంధ్రలో అసెంబ్లీకీ లోక్‌సభకూ ఒకేరోజు పోలింగ్ జరిగింది, రెండు మిషన్లు, రెండు ఓట్లు. ఒకటి ఇటూ ఒకటి అటూ వేసుకోవచ్చు. క్రాస్ ఓటింగ్ నేరమూ కాదు, ద్రోహమూ కాదు. ఎవరూ నచ్చకపోతే 2013 నుంచి నోటా ఉంది, కాకపోతే నోటాకు ఎన్ని పడినా మిగతావాళ్ళలో ఎక్కువ వచ్చినవాడే గెలుస్తాడు. ఇవన్నీ ఆలోచించాక కూడా ఈ జెండా కింద ఉండలేను అనిపిస్తేనే మిగతాది చదువు.

సభ్యత్వం గురించి బెంగ పెట్టుకోకు. ఫిరాయింపుల చట్టం అంటారే, 1985లో రాజ్యాంగంలోకి వచ్చిన పదో షెడ్యూలు, అది ఎమ్మెల్యేలకూ ఎంపీలకూ. మామూలు సభ్యుడికి దాంతో పనే లేదు. రెన్యువల్ చేయించకపోతే కార్డు దానంతటదే చెల్లిపోతుంది. ఒక్క సంగతి చూసుకో. కొన్ని పార్టీల సభ్యత్వంతో ప్రమాద బీమా వస్తుంది, ఇంటిల్లిపాదికీ నాన్నే కట్టేస్తుంటాడు. నీ పేరు ఒక్కటి ఆపమను, అమ్మ పేరు జోలికి పోకు. మీ చిన్నాన్న ఎంపీటీసీ కాబట్టి ఇంకో మాట. సర్పంచి ఎన్నికకు పార్టీ గుర్తు ఉండదు గానీ, ఎంపీటీసీ, జడ్పీటీసీ పార్టీ గుర్తు మీదే గెలుస్తారు. ఎంపీపీ, అంటే మండలాధ్యక్షుడి ఎన్నికలో విప్ (పార్టీ ఆదేశం) ధిక్కరిస్తే పదవి పోతుంది. నీ వల్ల ఆయన పదవికి ఏమీ కాదు. అయినా ఆయన చుట్టూ ఉన్నవాళ్ళు అవుతుందని భయపెడతారు, అందుకే నీకు తెలిసి ఉండాలి.

నీకు పార్టీ ఐటీ విభాగంలో ఉన్న ఆ చిన్న పదవి మాత్రం ఊరికే వదిలేస్తే పోదు, రాసి ఇవ్వాలి. ఉత్తరం అరపేజీ దాటకూడదు. ఎవరికి, ఏ బాధ్యత నుంచి, ఏ తేదీ నుంచి తప్పుకుంటున్నావో అంతే. "వ్యక్తిగత కారణాల వల్ల" అన్న పాత మాటే చాలు, అది పిరికితనమేమీ కాదు. కారణాలు ఏకరువు పెట్టావంటే సాయంత్రానికి ఆ ఉత్తరం అవతలి పార్టీ గ్రూపుల్లో తిరుగుతుంది, నువ్వు రాసిన వాక్యం మీ నాన్నకు ఇంకెవడో చదివి వినిపిస్తాడు. స్పీడ్ పోస్టులో పంపు, రశీదు దాచుకో, కాపీ ఒకటి వాట్సాప్‌లో పెట్టు.

ఆ ఉత్తరం కంటే ముందు లెక్కలు తేల్చు. పార్టీ వదిలినవాడి మీద మొట్టమొదట పడే నింద సిద్ధాంతం గురించి కాదు, డబ్బు గురించి. బస్సులకని, మీటింగులకని నువ్వు ఉద్యోగం చేసే ఈ బెంగళూరులో వసూలు చేసిన చందాలు నీ ఫోన్‌పేలోకే వచ్చి ఉంటాయి. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి, వచ్చింది ఎంత, ఖర్చు ఎంత, మిగిలింది ఎంత అని ఒక కాగితం మీద వేసి, మిగిలిన సొమ్ము బ్యాంకు ద్వారానే పంపి, తీసుకున్నవాడితో సంతకం పెట్టించు. ఓటర్ల జాబితాలు, ఫోన్ నంబర్ల ఎక్సెల్ షీట్లు కూడా అప్పగించి, నీ ల్యాప్‌టాప్‌లోంచి తీసెయ్యి. అవి నీ దగ్గర ఉన్నంతకాలం ఏది లీకైనా నీ పేరే చెబుతారు. నెలనెలా చందా యూపీఐ ఆటోపేలో పోతుంటే అది కూడా ఆపు, చాలామంది మర్చిపోయేది ఇదే.

ఇక ఫోను. గ్రూపుకు నువ్వే అడ్మిన్ అయితే ముందు ఇంకొకరిని అడ్మిన్ చేసి, ఒక నెల మ్యూట్‌లో పెట్టి, ఆ తరవాత బయటికి రా. 2022 నుంచి గ్రూపు వదిలితే అడ్మిన్లకే నోటీసు వెళ్తుంది, అందరికీ బోర్డు పడదు. కానీ మనూరి గ్రూపులో అడ్మిన్లే పదిమంది ఉంటారు కదా, కాబట్టి రహస్యంగా ఉంటుందని మురిసిపోకు. పాత పోస్టులన్నీ ఒక్క రాత్రిలో తుడిచెయ్యకు. ఎవడో స్క్రీన్‌షాట్లు తీసే ఉంటాడు, తుడిచావంటే వాటికి లేని విలువ వస్తుంది. ప్రొఫైల్‌లో కండువా ఫోటో మార్చు, చాలు. ఫ్లెక్సీల సంగతి కూడా చూసుకోవాలి. పండగ శుభాకాంక్షలని, పుట్టినరోజని మనల్ని అడక్కుండానే మన మొహాలు వేసేస్తారు. మదనపల్లెలో డిజైన్ చేసేవాడి కంప్యూటర్‌లో నీ ఫోటో పడి ఉన్నన్నాళ్ళూ నువ్వు పార్టీలో ఉన్నట్టే. ఊళ్ళో ఫ్లెక్సీలు ఎవరు వేయిస్తారో ఆ ఒక్కడికి ఫోన్ చేసి, నవ్వుతూనే, "అన్నా, ఇకమీదట నాది వెయ్యొద్దు" అని చెప్పు.

ఇంట్లో చెప్పడం గురించి కాస్త ఎక్కువే రాయాలి, ఎందుకంటే అందరూ తప్పు చేసేది అక్కడే.

మీ నాన్న తరానికి జెండా అంటే మేనిఫెస్టో కాదు. 1982 మార్చి 29న తెలుగుదేశం పుట్టి 1983 జనవరికల్లా గద్దెనెక్కినప్పుడు ఊళ్ళలో గోడల మీద సైకిలు బొమ్మలు గీసిన కుర్రాళ్ళు ఇప్పుడు అరవై దాటారు. కాంగ్రెస్ ఇళ్ళూ అంతే, 2011లో జగన్ పార్టీ పెట్టాక వీధులకు వీధులుగా అటు కదిలిన ఇళ్ళూ అంతే. ఏ రంగైనా సరే, దాని వెనక వాళ్ళకు కనిపించేది మనుషులు. గట్టు తగాదాలో స్టేషన్‌కు వచ్చి నిలబడినవాడు, ఆస్పత్రికి అర్ధరాత్రి జీపు పంపినవాడు, పెళ్ళికి షామియానా అప్పుగా ఇప్పించినవాడు. నాయకుణ్ణి ఒక్క మాటన్నా ఆయన చెవికి వాళ్ళను తిట్టినట్టే వినిపిస్తుంది. యూట్యూబ్ వీడియోలు చూపించి గెలుద్దామనుకునేవాళ్ళు ఓడేది అందుకే. ఆయన దగ్గర నీకంటే ఎక్కువ వీడియోలుంటాయి.

ఎప్పుడు చెప్పాలంటే, ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక వద్దు, సంక్రాంతికి చుట్టాలు దిగాక వద్దు, చిన్నాన్న ముందు అసలే వద్దు. ఫోన్లో కూడా వద్దు. ఏ హడావిడీ లేని శనివారం కె.ఆర్.పురంలో మదనపల్లె బస్సెక్కు, హోసకోట, చింతామణి మీదుగా మూడు గంటలు. అమ్మకు ముందురోజే చెప్పి ఉంచు, కానీ ఆమెతో రాయబారం నడపకు. ఆ బరువు మా చెల్లెలు నెలల తరబడి మోయాల్సి వస్తుంది. పొద్దున్నే నాన్నతో పాటు చేనికి వెళ్ళు. మోటార్ వేసి నీళ్ళు మడికి ఎక్కేదాకా ఆయనకు అక్కడ వేరే పనుండదు, మధ్యలో వచ్చేవాళ్ళూ ఉండరు. మాట కూడా చిన్నదిగా ఉండాలి: "నాన్నా, నేను పార్టీ పని మానేస్తున్నా. నీ పనికి నేను అడ్డు రాను. నా ఓటు నాకు వదిలెయ్." అంతే. ఏమేమి చెయ్యవో చెప్పు, ఎందుకో ఆయన అడిగితే చెప్పు, అడగకపోతే ఊరుకో.

ఆయన కోప్పడతాడు. "ఊళ్ళో తలెత్తుకోలేను" అంటాడు. అది సిద్ధాంతం మీద వాదన కాదు. రేపు రచ్చబండ దగ్గర నలుగురూ అడిగితే ఏం చెప్పాలి అని నిన్నే అడుగుతున్నాడు. దానికి ఒక మాట నువ్వే అందించు: "వాడు ఉద్యోగంలో పడ్డాడు, రాజకీయాలు వదిలేశాడు." అబద్ధం కాదు, ఆయన పరువూ పోదు. నువ్వు వెంటనే ఇంకో కండువా కప్పుకుంటే మాత్రం ఈ మాట ఆయన నోట్లోంచి లాగేసుకున్నట్టే. ఇంకోటి. మీ తాత ఏ పార్టీలో ఉండేవాడో, మీ ఇల్లు ఎప్పుడు ఎందుకు మారిందో ఆయన్నే అడుగు. నలభై ఏళ్ళలో ఒకసారైనా జెండా మారని ఇళ్ళు మన వైపు తక్కువ. ఎత్తిపొడుపుగా అడగకు, తెలుసుకోవడానికి అడుగు. ఆ కథ ఆయన నోటితో ఆయనే చెబితే నీ పని సగం అయినట్టే.

అవ్వ పింఛను పోతుందేమో, పంచాయతీ పనుల బిల్లులు ఆగుతాయేమో అని కూడా అంటారు. నీలాంటి పట్నం పిల్లలు దీన్ని కొట్టిపారేస్తారు గానీ ఆ భయం ఉత్తిది కాదు. పథకాల లబ్ధిదారులను ఎంచే జన్మభూమి కమిటీలున్నా, 2019లో యాభై ఇళ్ళకొక వాలంటీర్‌ను పెట్టినా, జాబితా ఎవరి చేతిమీదుగా పోతుందో ఊళ్ళో అందరూ చూస్తూనే ఉన్నారు. కాబట్టి నాన్న పేరు మీద రావాల్సిన బిల్లు ఏదైనా ఉంటే అది ఖాతాలో పడేదాకా నీ సంగతి ఇంటి గడప దాటనివ్వకు. అవ్వ పింఛను కాగితాలు, ఆధార్ జిరాక్సులు ఒక కవర్లో పెట్టించు. అర్హత ఉండీ ఆగితే సచివాలయంలో నోటితో అడిగి రావద్దు, అర్జీ రాసిచ్చి రశీదు తీసుకోండి. అక్కడ తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు.

ఇక ఓటు. నీ ఓటు ఊళ్ళో ఉన్నంతకాలం ఎన్నికల ముందు ఫోన్లు తప్పవు: "మారతహళ్ళి నుంచి బస్సు పెట్టాం, సీటు నీకే." అభ్యర్థో అతని మనుషులో ఓటర్లను పోలింగ్ బూత్‌కు ఉచితంగా తరలించడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(5) కింద అవినీతి చర్య. టికెట్ కొనుక్కుని వెళ్ళు. డబ్బు కవరు ఇంటికి నాలుగు ఓట్ల లెక్కన వస్తుంది, నీ వంతు తగ్గించమని నాన్నకు చెప్పు. రెండువైపులా తీసుకుని నచ్చినవాడికి వేస్తే తప్పేముంది అనేవాళ్ళుంటారు. ఇచ్చినవాడితో పాటు పుచ్చుకున్నవాడికీ చట్టంలో ఏడాది దాకా శిక్ష ఉంది. అంతకంటే ముఖ్యం, ఆ కవరు తీసుకున్నాక నువ్వు ఎవరికీ ఏమీ చెప్పలేవు.

బూత్‌లో నీ ఓటు ఎవరికీ తెలియదు. ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ చీటీ 7 సెకన్లు నీకు మాత్రమే కనిపించి పెట్టెలో పడుతుంది. ఎవరికి వేశావో చెప్పమని కోర్టులో కూడా బలవంతపెట్టకూడదని ఆ 1951 చట్టం 94వ సెక్షన్ అంటుంది. అయినా "మీ ఇంట్లో రెండు ఓట్లు పడలేదు" అని ఏజెంట్లు గట్టిగా చెబుతారు. వాళ్ళకు తెలిసేది బూత్ మొత్తం లెక్క, అది బూత్‌లవారీ ఫలితాలుండే ఫారం 20లో అందరూ చూడొచ్చు. ఇంటింటి లెక్క వాళ్ళ ఊహ. అలా అడిగినప్పుడు నీ మొహం మారితే ఊహ కాస్తా రుజువవుతుంది, అందుకే నవ్వి ఊరుకో.

అన్నిటికంటే నిజాయితీ అయిన దారి, ఓటు బెంగళూరుకు మార్చుకోవడం. నువ్వు ఉండేది ఇక్కడ, నీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూసేది ఇక్కడ. చట్టం కూడా మామూలుగా నివసించే చోటే ఓటు అంటుంది, సొంతూళ్ళో ఇల్లు ఉన్నంత మాత్రాన చాలదు. ఇక్కడ మనూరి ప్రాంతీయ పార్టీల గొడవే ఉండదు, పోటీ ముఖ్యంగా కాంగ్రెస్, బీజేపీల మధ్య కాబట్టి నీ మనసుకు కూడా కొంచెం ఊపిరాడుతుంది. దీనికి ఫారం 8 నింపాలి. ఫారం 6 కొత్తగా చేరేవాళ్ళది. తెలియక అది నింపితే రెండుచోట్లా పేరు మిగిలిపోతుంది. 2024లో బెంగళూరులో ఏప్రిల్ 26న, మన దగ్గర మే 13న పోలింగ్ అయ్యేసరికి "రెండుచోట్లా వేసెయ్" అన్న సలహా మీ పీజీలో కూడా వినే ఉంటావు. ఒకరి పేరు రెండు నియోజకవర్గాల్లో ఉండకూడదు, అబద్ధపు డిక్లరేషన్‌కు ఏడాది దాకా జైలుంది. చిరునామా రుజువు దగ్గర చాలామంది ఆగిపోతారు. పదకొండు నెలల అద్దె అగ్రిమెంటు రిజిస్టర్ చేసింది కాదు కాబట్టి తిప్పి పంపొచ్చు. ముందు ఆధార్‌లోనో బ్యాంకు పాస్‌బుక్‌లోనో ఇక్కడి అడ్రసు పడేలా చూసుకో. విచారణకు బీఎల్‌ఓ (బూత్ స్థాయి ఎన్నికల అధికారి) వచ్చినప్పుడు నువ్వు ఆఫీసులో ఉంటావు, పీజీ ఓనరుకు ముందే చెప్పి పెట్టు. నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకు.

చివరగా అవతలివాళ్ళు. నువ్వు బయటికొచ్చావని తెలిసిన వారంలోపే ఫోన్ వస్తుంది, "ఊరికే మర్యాదపూర్వకంగా కలుద్దాం" అని. వెళ్ళకు. కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు, లేచేటప్పుడు వెనకనుంచి కండువా పడుతుంది, నువ్వు కె.ఆర్.పురం దాటేలోపే ఆ ఫోటో మీ నాన్న ఫోన్లో ఉంటుంది. వాళ్ళకు కావాల్సింది నీ ఆలోచనలు కాదు, ఫలానావాడి కొడుకు అన్న పేరు. కనీసం ఒక ఎన్నిక అయ్యేదాకా ఏ పార్టీలోనూ చేరకు. పార్టీ మారడం పాపమని నేననడం లేదు. ప్రకాశం పంతులుగారు 1951లో కాంగ్రెస్ నుంచి బయటికొచ్చారు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి అదే కాంగ్రెస్ మద్దతుతో మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. రాజాజీ దాదాపు ఎనభై ఏళ్ళ వయసులో, 1959లో, రైతు నాయకుడు ఎన్.జి. రంగాగారితో కలిసి మద్రాసులో స్వతంత్ర పార్టీ పెట్టారు. వాళ్ళు ఎందుకు వెళ్తున్నారో జనానికి చెప్పగలిగారు. నీకు ఇప్పటికి ఎందుకు వదులుతున్నావో తెలుసు, ఎందుకు చేరతావో ఇంకా తెలియదు. ఆ ఖాళీ కొన్నాళ్ళు అలాగే ఉండనీ.

వచ్చే ఆదివారం ఇంటికి రా, ఫారం 8 కూర్చుని నింపుదాం. ఓటరు కార్డు నంబరు, కొత్త అడ్రసున్న ఆధార్, ఒక ఫోటో తెచ్చుకో. ఆ రాజీనామా ఉత్తరం పంపకముందు నాకొకసారి చూపించు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ