అబ్‌స్ట్రాక్ట్ చిత్రాల్లో అసలు ఏం చూడాలి?

ప్రశ్న: బెంగళూరు ప్యాలెస్ రోడ్డులోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కి పిల్లలతో వెళ్లాం. అబ్‌స్ట్రాక్ట్ చిత్రాలు ఎంతసేపు చూసినా అర్థం కాలేదు. ఎలా చూడాలండీ?

వాటిలో బొమ్మ కోసం వెతక్కండి, రంగు ఎలా పడిందో చూడండి. 1940లలో న్యూయార్క్‌లో ఊపందుకున్న అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిజం అనే చిత్రకళా ధోరణిలో వేసిన తీరే ముఖ్యం. ఆ ధోరణి చిత్రకారుడు జాక్సన్ పొలాక్ 1947 నుంచి కాన్వాస్‌ను నేలమీద పరిచి, చుట్టూ తిరుగుతూ రంగు ధారగా పోశాడు. ముగ్గు వేసేటప్పటిలాగే చెయ్యి వేగంగా కదిలినచోట గీత సన్నబడుతుంది, ఆగినచోట లావవుతుంది. ఆ కదలికను కంటితో వెంబడించడం ఎంత బాగుంటుందో!

అదే ధోరణికి చెందిన మార్క్ రోత్కో దారి వేరు. పల్చటి రంగును పొరమీద పొరగా వేసేవాడు, తన పెద్ద చిత్రాలను అడుగున్నర దూరం నుంచే చూడమనేవాడు. మన దేశపు చిత్రకారుడు వి.ఎస్. గైతోండే కూడా రోలర్‌తో, పాలెట్ నైఫ్‌తో (రంగు కలపడానికి, పూయడానికి వాడే పల్చటి బద్ద) రంగు వేసి, కొంత తీసేసి, మళ్లీ వేసేవారు. నా దృష్టిలో ఆయన చిత్రాలకు ఓపిక ఇంకా ఎక్కువ కావాలి.

పిల్లల్ని "ఇదేంటి?" అని కాకుండా "ఏ రంగు ముందు వేసుంటారు?" అని అడగండి. కాన్వాస్ అంచుల దగ్గర చూడమనండి, అడుగు పొర చాలాసార్లు అక్కడే బయటపడుతుంది.