మేనల్లుడికి, తుపాకీ పట్టుకునే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు చెప్పింది విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. థాంక్స్‌గివింగ్ సెలవుల్లో ఆఫీసు స్నేహితులు అడవిపందుల వేటకు రమ్మన్నారు, తుపాకీ వాళ్లే ఇస్తారు, ఆ తర్వాత సొంతంగా ఏదైనా వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్‌కి, అంటే వన్యప్రాణుల కోసం ఫెడరల్ ప్రభుత్వం పెట్టిన ఆశ్రయానికి, వెళ్లాలని ఉంది అన్నావు. వద్దనను. పాతికేళ్లుగా నేను చేస్తున్న పనే అది. ఫోన్లో అయితే సగం విని "సరే మామయ్యా" అంటావు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు వీసా సంగతి. నువ్వు హెచ్-1బీ మీద ఉన్నావు. గ్రీన్ కార్డు ఉన్న నీ స్నేహితులకు లేని చిక్కు నీకుంది. నీలాంటి వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. సొంతంగా కొనుక్కోవడం ఒక్కటే కాదు, స్నేహితుడిది కాసేపు చేతిలోకి తీసుకున్నా లెక్కలోకి వస్తుంది. మినహాయింపులు కొన్ని ఉన్నాయి గానీ మనకు అక్కరకొచ్చేది ఒక్కటే: అమెరికాలో చట్టప్రకారం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ నీ దగ్గర ఉండటం.

ఇక్కడే మనవాళ్లు బోల్తా పడతారు. టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే అడవిపందిని కొట్టడానికి 2019 నుంచి లైసెన్స్ అక్కర్లేదు. "పందికి లైసెన్స్ ఏంటి" అని నీ స్నేహితులు నవ్వారన్నావు చూడు, అందుకే. వాళ్ల వరకు అది నిజమే. నీకు ఆ కాగితం కావాల్సింది పంది కోసం కాదు, తుపాకీ ముట్టుకోవడం కోసం. ఇంకో మెలిక కూడా ఉంది. టెక్సాస్ లైసెన్స్ ఏటా ఆగస్టు 31తో అయిపోతుంది. రేపు నువ్వు తుపాకీ కొనుక్కుని ఇంట్లో పెట్టుకున్నావనుకో, సెప్టెంబర్ 1న నీ దగ్గర కొత్త లైసెన్స్ లేకపోతే బీరువాలో కదలకుండా ఉన్న తుపాకీ కూడా నీ మెడకు చుట్టుకుంటుంది. ఇది జరిమానా కట్టి బయటపడే తప్పు కాదు, ఇన్నేళ్ల నీ వీసాకే ఎసరు పెడుతుంది. మీ ఇమిగ్రేషన్ లాయర్‌ని కూడా ఒకసారి అడుగు. ఫీజు పోతే పోనీ.

లైసెన్స్‌తో పాటు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లందరికీ తప్పదు. నీ వయసువాళ్లు ఆన్‌లైన్‌లోనే పూర్తిచేయొచ్చు.

ఇక భూమి సంగతి. టెక్సాస్‌లో తొంభై శాతానికి పైగా నేల ప్రైవేటుది. వేట కోసం ఆ నేలను లీజుకు తీసుకోవడం మనలాంటి వాళ్లకు అందేది కాదు. అందుకే ఫెడరల్ భూములు మనకు ఆధారం. కానీ అన్ని ఫెడరల్ భూములకూ ఒకే రూలు ఉండదు. నేషనల్ ఫారెస్ట్‌లో మూశామని చెప్పిన చోటు తప్ప మిగతాదంతా మామూలుగా వేటకు తెరిచినట్టే, రాష్ట్రం పెట్టిన నియమాలు పాటిస్తే చాలు. రెఫ్యూజ్‌లో ఇది పూర్తిగా తలకిందులు. తెరిచామని చెప్పిన చోటు తప్ప అంతా మూసినట్టే.

నాకు ఇది తెలిసిన తీరు చెప్తాను, నవ్వుకో. వేట మొదలుపెట్టిన రెండో ఏడు, ఒక రెఫ్యూజ్‌లో బోర్డు ఎక్కడా కనిపించలేదు కదా అని గేటు పక్కన కారు ఆపి చీకట్లోనే లోపలికి నడిచాను. తెల్లారేసరికి ఆఫీసర్ వచ్చాడు. "మూశారని బోర్డు లేదండీ" అన్నాను. "తెరిచారని ఎక్కడ ఉంది?" అని అడిగాడు. నోట మాట రాలేదు. జరిమానా టికెట్ రాసి, మర్యాదగా కారు దాకా వెంట వచ్చి సాగనంపాడు. "రెఫ్యూజ్‌కి వెళ్లి రెఫ్యూజీలా తిరిగొచ్చారు" అని మీ అత్తయ్య ఇప్పటికీ అంటుంది.

కోపం వచ్చింది గానీ, తర్వాత చదివితే కారణం అర్థమైంది. 1903లో ఫ్లోరిడాలోని పెలికాన్ ఐలాండ్‌తో ఈ రెఫ్యూజ్‌లు మొదలయ్యాయి. టోపీల్లో ఈకల కోసం పక్షులను ఊచకోత కోస్తుంటే ఆపడానికి థియోడర్ రూజ్‌వెల్ట్ తెచ్చిన ఏర్పాటు అది. అంటే పుట్టిందే వేటగాళ్ల నుంచి పక్షులను కాపాడటానికి. 1997 చట్టం వేటను కూడా ప్రాధాన్యమున్న ఆరు పనుల్లో చేర్చింది. అయితే ఆ రెఫ్యూజ్ ఏ ప్రాణి కోసం పెట్టారో దానికి వేట అడ్డం రాకూడదు. పక్షుల ఆశ్రయం కోసమే తీసుకున్న చోట్ల మామూలుగా నలభై శాతానికి మించి వలస పక్షుల వేటకు తెరవరు. ఎదురుగా వేల బాతులు కనిపిస్తుంటాయి, నువ్వు మాత్రం గీతకు ఇవతలే కూర్చోవాలి. కడుపు మండుతుంది. కానీ అవతల వాటికి చోటుంది కాబట్టే ఇవతల మన మీదుగా ఎగురుతాయి.

అందుకే ఏ రెఫ్యూజ్‌కి వెళ్తే దాని సొంత హంట్ బ్రోషర్ ప్రింట్ తీసుకో. మ్యాప్, తేదీలు, ఏ ఆయుధం, కారు ఎక్కడ ఆపాలి, ఎన్నింటికి లోపలికి వెళ్లొచ్చు, అన్నీ అందులోనే ఉంటాయి. కొన్నిచోట్ల పర్మిట్ చాలు, కొన్నిచోట్ల డ్రాలో పేరు రావాలి. మీకు దగ్గర్లో, టెక్సోమా చెరువు ఒడ్డున ఉన్న హేగర్‌మన్ రెఫ్యూజ్‌లో జింకల వేటకు డ్రానే. నిరుటి బ్రోషర్‌ను నమ్ముకోకు, ఏటా ఏదో ఒకటి మారుతుంది.

ప్రైవేటు రాంచ్‌లో నీ స్నేహితులు నేర్పే అలవాట్లు రెఫ్యూజ్‌లో పనికిరావు. జింకకు మొక్కజొన్న చల్లి కూర్చోవడం రాంచ్‌లో మామూలే, ఇక్కడ నేరం. మంచె కోసం చెట్టుకు మేకు గానీ స్క్రూ గానీ దించకూడదు. వేటలో ఉండగా బీరు తాగడమే కాదు, దగ్గర ఉన్నా తప్పే. పందిని రాంచ్‌లో ఏడాదంతా కొట్టొచ్చు, ఇక్కడ బ్రోషర్‌లో ఉన్న రోజుల్లోనే. డ్రోన్ ఇంట్లోనే వదిలెయ్.

బాతులకైతే ఫెడరల్ డక్ స్టాంప్ కొనాలి, 25 డాలర్లు. అందులో డాలరుకు 98 సెంట్లు చిత్తడి నేలలకే వెళ్తాయి. పైగా అది ఉంటే ప్రవేశ రుసుము పెట్టిన ఏ రెఫ్యూజ్‌లోకైనా ఎంట్రీ ఫ్రీ. కాగితం స్టాంప్ అయితే దాని మీద ఇంకుతో సంతకం చెయ్యి. సీసపు గుళ్లు వాడకూడదు, స్టీలువి తీసుకో.

బాతులు కాకుండా పెద్ద జంతువు కావాలంటే నన్ను అడుగు, దక్షిణాన లగూనా అటస్కోసా రెఫ్యూజ్‌కి వెళ్దాం. అక్కడ ఏం దొరుకుతుందో తెలుసా? మన మనుబోతు! నీల్‌గాయ్ అంటారే, అదే. 1920లు, 30ల్లో కింగ్ రాంచ్ వాళ్లు తెచ్చి వదిలితే దక్షిణ టెక్సాస్ అంతా పాకింది. పశువులకు జ్వరం తెచ్చే గోమార్లను మోసుకు తిరుగుతుందని దాన్ని తగ్గించాలని చూస్తున్నారు. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మామూలుగా కంటితో చూడటమే తప్ప తాకలేని జంతువును ఇక్కడ పర్మిట్ ఇచ్చి మరీ కొట్టమంటారు. మొదటిసారి తుపాకీ గురిపెట్టినప్పుడు నా చెయ్యి ఆడలేదు. చిన్నప్పుడు పొలంగట్టు మీద తాతయ్య వేలెత్తి చూపించింది దీన్నే.

ఆ రెఫ్యూజ్‌లో కారు మాత్రం నెమ్మదిగా నడపాలి. ఒసెలాట్ అనే మచ్చల అడవిపిల్లులు ఈ దేశంలో వందకు లోపే మిగిలాయంటారు. వాటిలో కొన్ని అక్కడే ఉన్నాయి, కార్ల కింద పడి చస్తున్నాయి.

మాంసానికి ఐస్ పెట్టె పెద్దది తెచ్చుకో. మనుబోతు కూర మీ అత్తయ్య గోంగూర వేసి వండుతుంది, మటన్ పక్కన పెట్టేస్తావు.

థాంక్స్‌గివింగ్‌కి పందుల దగ్గరికి వెళ్తే వెళ్లు. లైసెన్స్ చేతికి రాకపోతే మాత్రం కెమెరాతో వెళ్లు, తుపాకీ ఎవరిచ్చినా పట్టుకోకు. లైసెన్స్ వచ్చిన రోజు ఫోటో తీసి నాకు పంపు. ఆ శనివారమే షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లి నా పాత .22 తుపాకీ నీ చేతికిస్తాను.

ఇట్లు,
మీ మామయ్య