అవ్వకి వాటా ఇవ్వమ్మా

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి,

నీ సినిమా స్క్రిప్టు అందింది. మొదటి రోజు 40 పేజీలు చదివి, కోపమొచ్చి పక్కన పడేశాను. మరునాడు మనసొప్పక మళ్ళీ తీశాను. 31వ సీను దగ్గరికి వచ్చేసరికి కూర్చోలేకపోయాను. లేచి మేడెక్కి, కొండ మీద దీపాలు వెలిగేదాకా అక్కడే తిరిగాను. ఇంత పొడుగు ఉత్తరం రాయడానికి ఆ కోపమూ ఆ సీనూ రెండూ కారణమే.

ముందు సీను సంగతి. ఇంటాయన శనివారం రాత్రి పోయాడు. సోమవారం ఇల్లు రిజిస్ట్రేషన్. తీసుకున్న అడ్వాన్సు ఎప్పుడో ఖర్చయిపోయింది. చావు బయటికి పొక్కకుండా శవాన్ని ఏసీ గదిలో పడుకోబెట్టి, ఏసీని 16 మీద పెట్టి, ముగ్గురు పిల్లలూ హాల్లో గొంతులు తగ్గించుకుని కొట్లాడుకుంటున్నారు. తల్లి లోపల ఆయన మాత్రల డబ్బా ముందేసుకుని కూర్చుంది. చిన్నకొడుకును పిలిచి, "ఈ బీపీ మాత్రలు రెండు స్ట్రిప్పులు తెరవనే లేదు. షాపులో వెనక్కి తీసుకుంటారేమో కనుక్కో" అంటుంది.

ఆ మాట నువ్వు ఎక్కడో విని ఉండాలి. వినకుండా ఎవరికీ తట్టదు. ముప్పై ఏళ్ళు ఆ మాత్రలు లెక్కపెట్టి ఇచ్చిన చెయ్యి, లెక్కపెట్టడం మానలేకపోతోంది. చదువుతుంటే నవ్వొచ్చింది, నవ్వుతుండగానే గొంతు పట్టేసింది.

పేజీ తిప్పితే ఏముంది? చిలుక. పంజరంలోంచి "గోవిందా గోవిందా" అని అరుస్తుంది. తల్లి విరగబడి నవ్వుతుంది. పిల్లలూ నవ్వుతారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నీ చేతిలోకి వచ్చిన బంగారాన్ని నువ్వే కాలవలో పారేశావు.

ఆ ఇంట్లో ప్రతి మనిషికీ ఒక వింత తగిలించావు. తండ్రికి 26 గడియారాలు, ఒక్కొక్కటీ ఒక్కో టైము చూపిస్తుంది. పెద్దకొడుకు ఇంట్లో కూడా మైకులోనే మాట్లాడతాడు. కూతురు హెల్మెట్ తియ్యదు. అవ్వ నల్లద్దాలు పెట్టుకుని చుట్ట తాగుతుంది. ఇవన్నీ ఎక్కడివో నాకు తెలుసమ్మా. రాత్రిళ్ళు ఫోన్లో పరాయి దేశాల సినిమాలు చూసి తెచ్చుకున్నవి. అక్కడివాళ్ళకు వాళ్ళ ఇళ్ళలోంచి పుట్టి ఉంటాయి. నీ దగ్గర మాత్రం అద్దెకు తెచ్చిన పందిరి గుంజల్లా నిలబడ్డాయి, కింద వేరు లేదు.

నలభై ఏళ్ళుగా నేను ఒకే మాట నమ్ముకుని రాస్తున్నాను. ఇంటి కథ రాసేటప్పుడు ప్రతి మనిషికీ ఒక వాటా ఉండాలి. డబ్బులోనో, నేలలోనో, ప్రేమలోనో, కడకు ఒక మంచం మీదో. ఆ వాటా ఎక్కడ చేజారిపోతుందోనని అతను హడలిపోతూ ఉండాలి. హడలిపోయే మనిషికి తను నవ్వు పుట్టిస్తున్నానని తెలియదు. తెలిసిన మరుక్షణం చూసేవాడికి నవ్వు రాదు.

నీ కథలోనే చూద్దాం. ఇల్లు ఆయన స్వార్జితం, వీలునామా రాయలేదు. అలా పోయిన హిందువు ఆస్తి ఎవరికి పోతుందో 1956 నాటి వారసత్వ చట్టం చెబుతుంది. భార్యకు ఒక వాటా, పిల్లలకు తలా ఒక వాటా, బతికుంటే తల్లికి ఒక వాటా. అన్నీ సమానం. తల్లి అంటే ఎవరు? నీ అవ్వ! నువ్వు ఆమెకు చుట్ట ఇచ్చి మూల కూర్చోబెట్టావు. చట్టం ఆమెకు ఆ ఇంట్లో అయిదో వంతు ఇచ్చింది. నువ్వు ఆమెను చూడనేలేదు.

ఇంకోటి. పోయినాయన పోలికలున్న మనిషికి పంచె కట్టి, ఆయనే అని చెప్పి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకుపోయినట్టు రాశావు. ఆ ఆఫీసులో ఫోటో తీస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు, సాక్షులు ఉంటారు. అంత సులువుగా దాటిపోయే పని కాదది. ఒక పూట పోయి అక్కడి బెంచీ మీద కూర్చుని రా. అసలు కొనేవాళ్ళ దగ్గర చావు దాచాల్సిన పనే లేదు. వారసులంతా ఒప్పుకుని సంతకాలు పెడితే ఆ అమ్మకం తర్వాతైనా జరుగుతుంది. మరి ఎవరి దగ్గర దాచాలి? నాయన బతికుంటే డబ్బంతా పెద్దకొడుకు చేతికి వచ్చేది, పోయాడు కాబట్టి అయిదు భాగాలు. అందులో ఒక భాగం చెవులు సరిగ్గా వినపడని ముసలామెది. ఆమె వెనక గదిలో పడుకుని, "వాడు అన్నం తిన్నాడా?" అని గంటకోసారి అడుగుతూ ఉంటుంది. కొడుకు పోయాడని ఆమెకు చెబితే వాటా సంగతి లేస్తుంది. చెప్పకపోతే, కొడుకు శవం పక్క గదిలో ఉండగా ఆమెకు అన్నం పెట్టాలి, ఆమె తినాలి. నీ సినిమా అక్కడుంది. గడియారాల్లో లేదు.

మా చిన్నప్పుడు మా ఊరి ధర్మరాజుల గుడి దగ్గర 18 రోజులు భారతం జరిగేది. మన చిత్తూరు, తిరుపతి పక్క పల్లెల్లో ఇప్పటికీ జరుగుతోంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. చివరి రోజు పొద్దున దుర్యోధన వధ, సాయంత్రం నిప్పులు తొక్కడం. ఆ వధ కోసం నేల మీద మట్టితో పదుల అడుగుల దుర్యోధనుణ్ణి పోస్తారు. వేషగాళ్ళు ఆ బొమ్మ మీదా చుట్టూ పరుగెత్తుతూ గదలతో కొట్టుకుంటారు. మా ఊళ్ళో దుర్యోధనుడి వేషం ఒక వడ్రంగాయన కట్టేవాడు. భీముడు తరుముతుంటే ఆయన కిరీటం పట్టుకుని జనం మీదికి వచ్చి పడేవాడు. పిల్లలం ఒకరి మీద ఒకరం పడి నవ్వేవాళ్ళం. ఆయన నవ్వేవాడు కాదు. ఆయన కళ్ళలో నిజంగానే చావు భయం కనపడేది. నా పక్కన మా అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేది.

భారతమంటే ఏమిటి, అన్నదమ్ముల భాగాల గొడవే కదా! సూదిమొన మోపేంత నేల కూడా ఇవ్వనన్న మనిషిని మట్టితో చేసి, చంపి, ఆ మట్టిని ఊరంతా తలా పిడికెడు తీసుకుపోతుంది. మా అవ్వ తెచ్చి గాదెలో వేసేది. ధాన్యం తరక్కుండా పొలుస్తుందని ఆమె నమ్మకం. ఈ సంగతి తలచుకుంటే నాకు ఈ వయసులోనూ ఒళ్ళు జలదరిస్తుంది. నువ్వు ఈ నేల మీద పుట్టి, ఇంటి గొడవల సినిమాకు వరస కోసం ఎక్కడెక్కడో వెతుకుతున్నావు.

గంగమ్మ జాతరను కూడా పాట వెనకాల పెట్టావు. మీసాలతో చీర కట్టుకున్న మగవాణ్ణి చూసి నీ హీరో సెల్ఫీ దిగి నవ్వుతాడు. అతను మొక్కు తీర్చుకుంటున్నాడమ్మా. బిడ్డకు ఒళ్ళు బాగుపడాలనో, మరోటో అమ్మవారికి మాట ఇచ్చి ఉంటాడు. అతని మొహం దగ్గరగా చూపించు, పాట అక్కర్లేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను. 1986లో మా నాయన పోయాడు. నాయనకూ మా చిన్నాయనకూ ఒక ఉమ్మడి బావి దగ్గర మాట పెరిగి, ఆరేళ్ళుగా మాటల్లేవు. చిన్నాయన బెంగళూరులో ఉండేవాడు. ఆరోజు సాయంత్రం పెళ్ళాం బిడ్డలతో బస్సు దిగి మా వీధి మొగదాకా వచ్చాడు. మర్నాడు కొండ మీద కల్యాణోత్సవం చేయించాలి. కూతురు పెళ్ళికి మొక్కుకున్న మొక్కు. మా వాకిట్లో జనాన్ని చూశాడు, అర్థమైపోయింది. చిల్లర బంకు దగ్గరే ఆగి ఒక పిల్లవాడి చేత నన్ను పిలిపించాడు. "నాకేం చెప్పొద్దురా. నేనేం వినలేదు" అన్నాడు. చేతులు వణుకుతున్నాయి. చావు కబురు వింటే మైల. మైల పడితే కొండెక్కకూడదు.

నేను ఒళ్ళు మండి లోపలికొచ్చి అమ్మతో చెప్పాను. అమ్మ నాయన కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. ఆ బావి గొడవలో ఆమె తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చాలా నెమ్మదిగా అంది.

"ఇంకా పోలేదని చెప్పుపో. రేపు మద్దేనంగా పోతాడని చెప్పు."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళలో ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ మాత్రం ఆ మాట ఒక ఏర్పాటు చేస్తున్నట్టే అంది. చిన్నాయన కొండెక్కాడు. మర్నాడు మధ్యాహ్నం లడ్డూ సంచి పక్కింట్లో పెట్టించి, మా గడప దగ్గర అప్పుడే విన్నట్టు పెద్దగా ఏడ్చాడు. అప్పటికే దహనం అయిపోయింది. అన్నకు భుజం పట్టలేకపోయానని బతికినన్నాళ్ళూ ఏడ్చాడు, అది నిజం ఏడుపు. ఆరేళ్ళ తర్వాత ఆరోజు మా వీధిలోకి ఎందుకొచ్చాడో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

దీన్ని కథగా రాసి ఒక వారపత్రికకు పంపాను. అచ్చయింది. చూసుకుంటే అమ్మ మాట లేదు! దాని చోట "ఆమె కన్నీరు మున్నీరుగా విలపించింది" అని ఉంది. ఎడిటర్ని పోయి అడిగితే, "భర్త శవం పక్కన ఏ ఇల్లాలూ అలా మాట్లాడదు" అన్నాడు. మాట్లాడింది మా అమ్మ అని చెప్పినా వినలేదు. కథలోంచి ప్రాణం తీసేసి పీనుగను అచ్చేశాడు. ఆయన మీద నాకు ఇంకా కోపం పోలేదు.

తర్వాత మద్రాసులో వడపళని గదుల్లో నాలుగేళ్ళు స్టోరీ సిట్టింగులకు తిరిగాను. పొద్దున కాఫీ, రాత్రి భోజనం, మధ్యలో కథలు చెప్పడం. ఒకరోజు ఈ సంగతి చెబితే డైరెక్టరు ఎగిరి గంతేశాడు. అప్పట్లో కామెడీ ట్రాక్ అని విడిగా వేరే మనిషి చేత రాయించి కథలో అతికించేవాళ్ళు. మా అమ్మ మాట ఆ ట్రాక్ లోకి పోయింది. సినిమా వచ్చాక ఇక్కడే తిరుపతిలో చూశాను. ఒక కమెడియన్ ఆడవేషం కట్టి, ఆ మాట చెప్పి, కెమెరా వైపు కన్ను కొట్టాడు. హాలంతా గొల్లున నవ్వింది. నేను లేచి బయటికొచ్చేశాను. ఏడుపూ నవ్వూ ఒకే నోట్లోంచి వచ్చిన మాటను ఆ ట్రాక్ రెండు ముక్కలు చేసింది. నీ చిలుక కూడా ఆ పనే చేసింది, అందుకే నామీద నాకు అదుపు తప్పింది.

యాస గురించి కూడా ఒక మాట. ఒకప్పుడు సీమ అంటే తెర మీద సుమోలూ బాంబులూ తప్ప ఇంకేం ఉండేవి కావు. ఇప్పుడు మన చిత్తూరు మాట ఫ్యాషన్ అయింది. అయినా దాన్ని దొంగకో, రౌడీకో, పనిమనిషికో ఇస్తున్నారు. నువ్వూ అంతే, పనమ్మాయి చేత "వచ్చినాను, పోయినాను" అనిపించి, ఇంటివాళ్ళ చేత టీవీ భాష మాట్లాడించావు. ఆ తల్లి నీ ఇంట్లో ఎలా మాట్లాడుతుందో అలాగే రాయి.

అవ్వకు ఒక రాత్రి ఇవ్వు. ఆదివారం రాత్రి అందరూ అలిసిపోయి పడుకున్నాక ఆమె గోడ పట్టుకుని లేచి ఏసీ గదిలోకి పోవాలి. చలేస్తుందని కొడుక్కి దుప్పటి కప్పాలి. కప్పేటప్పుడు ఆమెకు తెలుస్తుందా, తెలిసీ ఊరుకుంటుందా, పొద్దున లేచి వాటా అడుగుతుందా, అది నీ ఇష్టం. పది రకాలుగా రాసి చూడు. ఆమె తన అయిదో వంతు గట్టిగా అడిగితే నాకైతే చాలా సంతోషం.

ఈ ఎండాకాలం ఎక్కడ భారతం జరిగినా చివరి రోజు పొద్దున్నే పోయి నిలబడు. ఫోను సంచిలో పెట్టుకో.

గడియారాలు, మైకు, హెల్మెట్, చిలుక తీసేసి మళ్ళీ పంపు. 31వ సీను ముట్టుకోవద్దు. అయితే ఆ చిన్నకొడుకు స్ట్రిప్పులు జేబులో పెట్టుకుని వెళ్ళాడని రాశావు, ఆ తర్వాత వాటి ఊసే లేదు. మెడికల్ షాపతను ఏమన్నాడు? బిల్లు అడిగాడా? ఎందుకు వద్దంటున్నారని అడిగితే ఈ కుర్రాడు ఏం చెప్పాడు? అది రాసి, ఆ ఒక్క సీను ముందుగా పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి