పెళ్లి క్యాసెట్‌లో బొమ్మ రావడం లేదు, టేపు చిక్కుకుంటోంది: ముందు ఆ క్యాసెట్‌ను పక్కన పెట్టండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. విశాఖ ఎంవీపీ కాలనీలోని ఇంట్లో 1994 నాటి అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్ దొరికింది. అటక మీది పాత వీసీపీలో (వీడియో క్యాసెట్లు ఆడించే మిషన్‌లో) పెడితే తెరంతా చుక్కలు, మాటలు మాత్రం శుభ్రంగా వినిపించాయి. రెండోసారి పెడితే పది సెకన్లకే మిషన్ ఆగిపోయింది, క్యాసెట్ బయటికి వచ్చేసరికి టేపు ఉండలా వేలాడుతోంది. ఇప్పుడు మూడోసారి పెట్టి చూడాలా అని అడుగుతున్నారు.

వద్దు, దయచేసి పెట్టకండి. మిషన్ పాడైతే ఇంకొకటి ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఆ క్యాసెట్ మాత్రం ఒక్కటే ఉంది.

ముందుగా క్యాసెట్‌ను వెలుతురులో పట్టుకుని, పైనున్న పారదర్శకపు కిటికీలోంచి నల్లటి టేపు చుట్టను చూడండి. చుట్ట అంచుల మీద విభూతి అద్దినట్టు తెల్లటి పొడి గానీ, సాలెగూడు లాంటి నూగు గానీ కనిపిస్తే అది బూజు. సముద్రపు తేమలో ఏళ్ల తరబడి ఉన్న విశాఖ క్యాసెట్లలో ఇది చాలా మామూలు. మా పెదవాల్తేరు ఇంట్లో 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలి అల్మరాలోకి నీళ్లు చేరాయి. అందులో 11 క్యాసెట్లు ఉన్నాయి. పైపైన తుడిచి ఎండిపోయాయనుకున్నాను. కొన్ని నెలల తర్వాత అక్క పెళ్లి క్యాసెట్ పెడితే సరిగ్గా మీకు కనిపించిన చుక్కలే కనిపించాయి. తప్పు క్యాసెట్‌దా, మిషన్‌దా తెలుసుకుందామని ఇంకో మంచి క్యాసెట్ పెట్టాను. మొదటి క్యాసెట్ బూజు అప్పటికే టేపును చదివే హెడ్‌కూ, టేపును నడిపే రోలర్లకూ అంటుకుని ఉంది. రెండోదీ చిక్కుకుంది, దాదాపు 40 సెకన్ల నిడివి నలిగిపోయింది. ఆ నలుగుడు ఈనాటికీ పోలేదు.

మీకు కనిపించిన రెండు లక్షణాలు రెండు వేర్వేరు జబ్బులు.

బొమ్మ లేకపోయినా మాట వినిపిస్తోందంటే హెడ్‌కు మురికి పట్టిందని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు. మన దేశపు టీవీ పద్ధతి పాల్‌కు తగ్గ వీహెచ్‌ఎస్ (ఈ క్యాసెట్ల రకం) మిషన్లలో బొమ్మను చదివే హెడ్‌లు ఒక గుండ్రటి డ్రమ్ మీద ఉండి సెకనుకు 25 చుట్లు తిరుగుతాయి. అవి చదివే ఒక్కో గీత వెడల్పు 0.049 మిల్లీమీటర్లే. అంత సన్నని చోట పిసరంత మురికి అడ్డుపడినా బొమ్మ పోతుంది. మామూలు ధ్వని టేపు అంచున 1 మిల్లీమీటరు వెడల్పు పట్టీలో ఉంటుంది, దాన్ని చదివేది కదలని వేరే హెడ్. అందుకే అది తట్టుకుంటుంది.

శుభ్రం చేయడం ఇంట్లోనే కుదురుతుంది, కానీ నిదానం కావాలి. ప్లగ్గు తీసి, కాసేపు ఆగి, పైమూత విప్పండి. కరెంటు వైరు వచ్చి చేరే భాగాన్ని ముట్టుకోకండి. శుభ్రమైన తెల్ల కాగితపు ముక్కను ఫోను రిపేరు చేసేవారు వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, డ్రమ్‌కు మెల్లగా ఆనించి కదలకుండా పట్టుకోండి. రెండో చేత్తో డ్రమ్‌ను పైనుంచి పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. కాగితం మీద సన్నని నల్ల గీత పడుతుంది. కొత్త ముక్క తీసుకుని, గీత పడనంతవరకూ మళ్లీ తిప్పండి. కాగితాన్ని పైకీ కిందికీ మాత్రం రుద్దవద్దు. హెడ్ కొస పెళుసైన ఫెర్రైట్ ముక్క, చిటుక్కున విరుగుతుంది. దూది పుల్ల అసలు వాడకండి. ఒక దుకాణంలో నా మిషన్ హెడ్‌ను దూది పుల్లతో తుడిచారు. పోగు తగులుకుని కొస విరిగింది, డ్రమ్ మొత్తం మార్చాల్సి వచ్చింది. తుడిచాక పూర్తిగా ఆరనివ్వండి.

పది సెకన్లకే ఆగిపోవడం రబ్బరు వల్ల వస్తుంది. ప్లే నొక్కగానే మిషన్ టేపును ముందుకు లాగుతుంది, వచ్చిన టేపును కుడివైపు చక్రం చుట్టుకోవాలి. దాన్ని తిప్పే చిన్న రబ్బరు చక్రమో బెల్టో ఏళ్లు గడిచి గట్టిపడితే జారిపోతుంది. టేపు మాత్రం వస్తూనే ఉంటుంది, లోపల పోగుపడుతుంది. చక్రం తిరగడం లేదని మిషన్ గుర్తించి ఆపేస్తుంది. రబ్బరును ఆల్కహాల్ గుడ్డతో తుడిస్తే కొన్ని రోజులు నడవవచ్చు, మార్చడమే అసలు పని. మళ్లీ ఎప్పుడైనా టేపు లోపల ఇరుక్కుంటే లాగకండి. ప్లగ్గు తీసి, టేపును రోలర్ల మీద నుంచి వేలితో తప్పించి, క్యాసెట్‌ను లోపలికి తీసుకునే చిన్న మోటారు పుల్లీని చేత్తో తిప్పితే క్యాసెట్ దానంతటదే పైకి వస్తుంది.

ఇక బూజు క్యాసెట్. ముక్కుకు మాస్కు కట్టుకుని, బాల్కనీలో కూర్చుని చేయండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే వారిని దూరంగా ఉంచండి. ముందు సిలికా జెల్ పొట్లాలతో గట్టి మూత డబ్బాలో వారం రోజులు ఉంచితే బూజు ఎండి పొడిగా మారుతుంది. తర్వాత క్యాసెట్ అడుగున ఉన్న ఐదు మరలు విప్పండి. లోపల టేపు ఏ దారిన వెళుతోందో ముందే ఫోనుతో ఫొటో తీసుకోండి, తర్వాత ఆ ఫొటోయే దిక్కు. మెత్తటి పొడి బ్రష్షుతో చుట్ట అంచులను దులిపి, నూగు రాలని గుడ్డను టేపుకు రెండువైపులా తేలిగ్గా పట్టుకుని చేత్తో చుట్టండి. మూడు గంటల క్యాసెట్‌లో దాదాపు 258 మీటర్ల టేపు ఉంటుంది, అందుకే నాకు రెండు సాయంత్రాలు పట్టింది. పాత డబ్బాలో మళ్లీ బిగించకండి. అక్కర్లేని క్యాసెట్ ఒకటి విప్పి, ఆ శుభ్రమైన డబ్బాలోకి ఈ చక్రాలను మార్చండి. ఉండలా వేలాడిన భాగం నలిగి ఉంటే అంతవరకూ బొమ్మ అదురుతుంది. అతుక్కునే ప్లాస్టర్‌తో సరిచేయాలని చూడకండి, ఆ జిగురు హెడ్‌కు పడుతుంది.

మిషన్ బాగుపడిందో లేదో పోయినా ఫరవాలేదనుకునే క్యాసెట్‌తోనే చూడండి. బొమ్మ అడుగున గీతల పట్టీ మిగిలితే మిషన్ మీది ట్రాకింగ్ మీటతో హెడ్ టేపు గీతలకు సరిగ్గా కుదిరేలా సరిచేయండి. తెర మొత్తం నీలంగా ఉంటే క్యాసెట్ ఖాళీ అనుకోకండి. సిగ్నల్ బలహీనంగా ఉంటే కొత్త టీవీలు కొన్ని బొమ్మను చూపడం మానేసి నీలం తెర వేస్తాయి, పాత డబ్బా టీవీలో అదే క్యాసెట్ కనిపించవచ్చు. అమెరికా నుంచి బంధువులు పంపిన క్యాసెట్లయితే అవి అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీవి, మన పాత మిషన్లు చాలావాటిలో సరిగా ఆడవు.

వీసీఆర్ల (రికార్డు కూడా చేసే ఇలాంటి మిషన్ల) తయారీ 2016 జులైలో జపాన్ సంస్థ ఫునాయ్‌తో ఆగిపోయింది. కాబట్టి బాగుచేసిన మిషన్ ఎంతకాలం నడుస్తుందో నమ్మకం లేదు. పెళ్లి క్యాసెట్ పెట్టే మొదటిసారే క్యాప్చర్ పరికరంతో కంప్యూటర్‌కు కలిపి రికార్డు చేయండి. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడటం ఆ తర్వాత.

ఇంకొక మాట, ఇది మీ ప్రశ్నలో లేదు. ఆ రోజుల్లో వీడియోవారు మిక్సింగ్ చేసి, పెళ్లిమాటలు తీసేసి సినిమా పాటలు వేసేవారు. మా అక్క పెళ్లి క్యాసెట్ అలాంటిదే. తలంబ్రాల వేళ నాదస్వరం మీదుగా "ఆ పళ్లెం ఇటు తెండర్రా" అని మా అమ్మమ్మ వేసిన కేక మిక్సింగ్ చేయని క్యాసెట్‌లోనే ఉంది. నా చేతిలో నలిగిన 40 సెకన్లు దానివే. కేకకు ముందు టేపు నలిగింది, కేక మిగిలింది. మీ ఇంట్లోనూ అలాంటిది ఉందేమో అమ్మగారిని అడగండి. దాని మీద రంగుల ఫొటో ఉండదు, చాలాసార్లు పేరు కూడా రాసి ఉండదు.