టెక్ సందేహాలు: కొత్త బోర్డు కొనే ముందు పాత ఛార్జర్ సంగతి చూడండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా రాస్ప్‌బెర్రీ పై (ఒకే బోర్డు మీద ఇమిడిపోయే చిన్న కంప్యూటర్), ఆ తరహా చిన్న బోర్డుల గురించే. (తెలుగులో దీంతో ఒక తిప్పలుంది. ‘పై’ పై ఏం నడుస్తుంది, ‘పై’ పైన ఏం బిగించాలి అని రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. అందుకని వీలైన చోటల్లా బోర్డు అనేస్తాను.) అన్నీ చదివాక తేలిందేమిటంటే, కొత్తది కొనాలా అని అడిగినవాళ్లలో చాలామందికి బోర్డుతో పేచీ లేదు. ఛార్జరో, మెమరీ కార్డో, గాలాడని డబ్బానో ఏడిపిస్తోంది, నింద మాత్రం బోర్డు మీద పడుతోంది.

‘2016లో కొన్న పై 3 సొరుగులో పడి ఉంది. ర్యామ్ 1 జీబీ. బ్రౌజర్‌లో రెండు ట్యాబ్‌లు తెరిస్తే బిగుసుకుపోతోంది. పారేయడమేనా?’

పారేయకండి. దాన్ని డెస్క్‌టాప్‌లా వాడటం మానేయండి, చాలు. 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చిన మొట్టమొదటి రాస్ప్‌బెర్రీ పైలో ఉన్నది ఒకే కోర్, 700 మెగాహెర్ట్జ్ వేగం, 256 ఎంబీ ర్యామ్. దాంతోనే జనం రోబోలు చేశారు, వాతావరణ కేంద్రాలు పెట్టారు. మీ దాంట్లో నాలుగు కోర్లు ఉన్నాయి. దాని ఊపిరి తీస్తున్నది ఇవాళ్టి వెబ్‌పేజీలు. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో లైట్ అని ఒక రకం ఉంటుంది, అందులో తెర, కిటికీలు, మౌస్ బాణం ఏవీ ఉండవు, వేరే కంప్యూటర్ నుంచి ఎస్ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా ఆదేశాలు టైప్ చేసే పద్ధతి) ద్వారా లోపలికి వెళ్లి పని చెప్పాలి. అది వేసి చూడండి, అదే బోర్డు ఎంత తేలిగ్గా నడుస్తుందో.

మొదటి పనిగా నేనైతే పై-హోల్ పెట్టమంటాను. ఇంట్లో ఏ ఫోన్ అయినా ఒక సైట్ పేరు అడిగితే దాని చిరునామా చెప్పేది డీఎన్ఎస్. ఆ పనిని పై-హోల్ తీసుకుని, ప్రకటనల సైట్ల పేరు వచ్చినప్పుడు మాత్రం ‘అలాంటిదేం లేదు’ అంటుంది. ఒక్కో ఫోన్‌లో ఏమీ వేయనక్కర్లేదు. కాకపోతే వీడియో ఎక్కడి నుంచి వస్తుందో ప్రకటన కూడా అక్కడి నుంచే వచ్చే యూట్యూబ్ లాంటి చోట దీని పప్పులుడకవు. రౌటర్‌లో బోర్డుకు మారని ఐపీ అడ్రస్ కేటాయించడం మర్చిపోవద్దు. ఇంకో మాట, మొత్తం ఇంటి డీఎన్ఎస్ దాని చేతికిచ్చాక ఆ ప్లగ్ ఎవరూ తీయకూడదు. ఒకసారి నేను ఆ ప్లగ్ తీసి ఇస్త్రీపెట్టె పెట్టుకున్నాను, పది నిమిషాల్లో ఇంటిల్లిపాదీ నెట్ పోయిందని నా మీదికొచ్చారు. నెట్ ఎక్కడికీ పోలేదు, దారి చెప్పేవాడే లేడు.

యూఎస్‌బీ మాత్రమే ఉన్న పాత ప్రింటర్ ఉంటే సీయూపీఎస్ అనే ప్రింటింగ్ ప్రోగ్రామ్ వేసి వైఫై ప్రింటర్‌గా మార్చుకోవచ్చు. కానీ ముందు ఆ మోడల్‌కు ఈ బోర్డుల్లో ఉండే ఏఆర్ఎమ్ రకం ప్రాసెసర్‌పై నడిచే డ్రైవర్ ఉందో లేదో వెతకండి. లైనక్స్ డ్రైవర్ ఇచ్చే కంపెనీల్లో కూడా కొన్ని మామూలు పీసీలకే ఇచ్చి వదిలేస్తాయి. ఫైల్ సర్వర్ ఆలోచన ఉంటే మాత్రం పై 3 వద్దు. అందులో నెట్‌వర్క్ పోర్టు, యూఎస్‌బీ పోర్టులు అన్నీ ఒకే యూఎస్‌బీ 2.0 దారిలో తోసుకుంటూ వెళ్తాయి.

‘పై 4లో ఇంటి స్మార్ట్ పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్ ప్రోగ్రామ్ 24 గంటలూ నడుస్తోంది. ఏడాదిలో మూడు మెమరీ కార్డులు పోయాయి. పై 5 కొంటే ఈ బాధ తప్పుతుందా?’

పై 5లో కూడా అదే కార్డు పెడితే అదే బాధ. మెమరీ కార్డులో ఫ్లాష్‌ను పెద్ద పెద్ద బ్లాకులుగా చెరిపి మళ్లీ రాయాలి. ఫొటోలు తీసే కెమెరాకు అది సరిపోతుంది. మీ హోమ్ అసిస్టెంట్ మాత్రం ప్రతి సెన్సర్ కదలికనూ డేటాబేస్‌లో చిన్న చిన్న ముక్కలుగా రాస్తూనే ఉంటుంది, పక్కన సిస్టమ్ లాగ్‌లు వేరే. నాలుగు అక్షరాలు మార్చడానికి పేజీ మొత్తం చింపి తిరిగి రాసినట్టు ఉంటుంది కార్డు పరిస్థితి. దానికి తోడు రాస్తుండగా కరెంటు పోయిందంటే ఫైల్ సిస్టమ్ సగంలో తెగిపోతుంది. అలాంటప్పుడు కార్డు నిజానికి చచ్చిపోదు, మళ్లీ ఫార్మాట్ చేస్తే బతుకుతుంది. కాబట్టి ఆ మూడూ పారేసే ముందు ఒకసారి ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పరీక్షించండి. నకిలీ కార్డు అయితే, 64 జీబీ అని ముద్ర వేసుకుని లోపల ఎంతుందో కూడా అదే బయటపెడుతుంది.

కార్డే వాడతానంటే క్లాస్ 10 అనే గుర్తు చూసి కొనకండి, అది వరసగా రాసే వేగం గురించి. మనకు కావాల్సింది ఏ1 గుర్తు. సెకనుకు కనీసం 1500 చోట్ల నుంచి చదవగలదు, 500 చోట్ల రాయగలదు అని దాని అర్థం. ఏ2 ఇంకా గొప్పదని డబ్బాల మీద రాస్తారు గానీ ఆ అదనపు వేగం రావాలంటే పరికరం వైపు నుంచి కూడా సహకారం ఉండాలి, పాత బోర్డుల్లో అది లేదు. నిఘా కెమెరాల కోసమని ‘హై ఎండ్యూరెన్స్’ పేరుతో అమ్మే కార్డులు ఎక్కువ రాతలను తట్టుకుంటాయి, మీ పనికి అవే నయం. ఆ తర్వాత రాతలు తగ్గించండి. హోమ్ అసిస్టెంట్ మామూలుగా 10 రోజుల చరిత్ర దాస్తుంది, మీకు ఎప్పుడూ అక్కర్లేని సెన్సర్లను రికార్డర్ నుంచి తీసేయండి. మామూలు రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ వాడేవాళ్లయితే లాగ్2ర్యామ్ పెట్టుకోవచ్చు, అది లాగ్‌లను ర్యామ్‌లో పోగేసి అప్పుడప్పుడు మాత్రమే కార్డుకెక్కిస్తుంది. ఒకసారి పెట్టాక మార్పులే ఉండని పని అయితే, ఉదాహరణకు గోడకు తగిలించిన గడియారం తెర, రాస్పీ-కాన్ఫిగ్ అనే సెట్టింగుల ప్రోగ్రామ్‌లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేసేయండి. ఇక కార్డు మీద రాతే ఉండదు, ప్లగ్ ఎప్పుడు పీకినా భయం లేదు.

అయితే మీ విషయంలో నా సలహా ఒకటే, చిన్న ఎస్ఎస్‌డీ. పై 4లో రెండు యూఎస్‌బీ 3.0 పోర్టులు ఉన్నాయి, బూట్‌లోడర్‌ను అప్‌డేట్ చేస్తే కార్డు లేకుండా నేరుగా ఎస్ఎస్‌డీ నుంచే లేస్తుంది. వేగంలో తేడా మొదటి రోజే తెలుస్తుంది. ఇక్కడ మూడు గుంటలున్నాయి, చూసి నడవండి. ఒకటి, ఎస్ఎస్‌డీని యూఎస్‌బీకి కలిపే అడాప్టర్లలో కొన్ని యూఏఎస్ అనే వేగవంతమైన యూఎస్‌బీ పద్ధతిలో బోర్డుతో పడక వేలాడిపోతాయి, కొనే ముందు ఆ చిప్ గురించి ఇతరులు ఏమన్నారో చదవండి. రెండు, పై 4 యూఎస్‌బీ పోర్టులన్నీ కలిపి ఇచ్చేది 1.2 ఆంపియర్లే, ఆకలి ఎక్కువున్న డ్రైవ్‌కు అది చాలదు. మూడోది చాలామందికి తట్టదు. యూఎస్‌బీ 3.0 నుంచి పుట్టే రేడియో గోల సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, వైఫై, జిగ్‌బీ (స్మార్ట్ బల్బులు, సెన్సర్లు వాడే వైర్‌లెస్ పద్ధతి) రెండూ అక్కడే మాట్లాడుకుంటాయి. ఎస్ఎస్‌డీ పెట్టాక బల్బులు మాట వినడం లేదంటే బల్బుల తప్పు కాదు. జిగ్‌బీ డాంగిల్‌ను మీటరు పొడవున్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరం జరపండి.

బ్యాకప్ మాత్రం వేరే మెషీన్‌లో ఉండాలి. అదే కార్డు మీద ఉన్న బ్యాకప్ కార్డుతోపాటే పోతుంది.

‘తెర మూలన పసుపు రంగు మెరుపు గుర్తు వస్తూ పోతూ ఉంది. నా దగ్గరున్నది 65 వాట్ల ఫోన్ ఛార్జర్. ఇంకా ఎంత పెద్దది కావాలి?’

పెద్దది కాదు, సరైనది కావాలి. ఆ 65 వాట్లు వోల్టేజీని 9, 15, 20 దాకా పెంచితే వచ్చే లెక్క. బోర్డు అడిగేది మాత్రం 5 వోల్టులే, అక్కడ ఆ ఛార్జర్ సాధారణంగా 3 ఆంపియర్లే ఇస్తుంది. పై 4కు అది చాలు. పై 5కు 5 వోల్టుల దగ్గరే 5 ఆంపియర్లు కావాలి. 3 ఆంపియర్లదే పెడితే బోర్డు నడుస్తుంది గానీ యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీఆంపియర్లకు కట్టడి చేస్తుంది, హార్డ్ డిస్క్ పెట్టగానే పేచీ మొదలు. మీ గుర్తు వస్తున్నది వోల్టేజీ సుమారు 4.63కు కిందికి జారినప్పుడు, దానికి నూటికి తొంభై పాళ్లు కారణం సన్నటి, పొడవాటి కేబుల్ అని నా అనుమానం. ముందు పొట్టిది, మందంగా ఉన్నది వేసి చూడండి. మొదటి విడత పై 4 బోర్డుల్లో యూఎస్‌బీ-సీ పోర్టు డిజైన్‌లోనే ఒక లోపం ఉంది, లోపల చిప్ ఉన్న ఖరీదైన కేబుల్ పెడితే అసలు ఆన్ అయ్యేవే కావు! తర్వాతి విడతల్లో సరిచేశారు.

వేడి గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, నలుగురు అడిగారు. పై 4 ప్రాసెసర్ 80 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకోవడం మొదలెడుతుంది, 85 దగ్గర ఇంకా గట్టిగా తగ్గిస్తుంది. కాలిపోదు, నత్తనడక నడుస్తుంది. మూసిన ప్లాస్టిక్ డబ్బా మూత తీయడం అన్నిటికంటే చవకైన అప్‌గ్రేడ్. ఓవర్‌క్లాక్ చేయాలనుకునేవాళ్లు, అంటే ప్రాసెసర్‌ను మామూలు కంటే ఎక్కువ వేగంతో పరిగెత్తించాలనుకునేవాళ్లు, దాని తర్వాత రండి.

‘ర్యామ్ పెంచుకోవచ్చా?’

కుదరదు. బోర్డుకే అతికించి ఉంటుంది. జెడ్‌ర్యామ్ ఆన్ చేస్తే ఉన్నదాన్నే కుదించి కొంచెం ఎక్కువగా వాడుకుంటుంది, అంతే. కొనేటప్పుడే ఆలోచించాలి.

‘ఇంటి సినిమాలన్నీ జెల్లీఫిన్ అనే వీడియో సర్వర్ ప్రోగ్రామ్‌లో పెట్టి టీవీలో, ఫోన్‌లో చూడాలి. పై 4 నుంచి పై 5కు మారనా?’

ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. పై 5లో ప్రాసెసర్ బాగా వేగం, కానీ హెచ్.264 రకం వీడియోను విప్పే ప్రత్యేక హార్డ్‌వేర్ తీసేశారు, వీడియోను మరో రూపంలోకి మార్చి రాసే హార్డ్‌వేర్ అసలు లేదు. ఉన్నది హెచ్ఈవీసీ అనే మరో రకాన్ని విప్పేది ఒక్కటే. ఫైల్ ఎలా ఉందో అలాగే మీ టీవీ ఆడించగలిగితే పై 4 సరిపోతుంది, అది పోస్ట్‌మ్యాన్‌లా ఫైల్ అందిస్తే చాలు. సర్వరే ప్రతిసారీ వీడియోను మార్చి పంపాల్సి వస్తే మాత్రం ఏ పై అయినా వద్దు, ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న వాడేసిన మినీ పీసీ చూసుకోండి. ఈ శీర్షికలో ఇలా చెప్పడం బాగోదేమో గానీ నిజం అదే.

‘కుండీల్లో మట్టి ఎండితే వాటంతటవే నీళ్లు పోసేలా చేయాలి. పై 5 కొంటున్నాను. ఏ సెన్సర్ మంచిది?’

ఆగండి! పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఎందుకు. దీనికి 2021లో రాస్ప్‌బెర్రీ పై వాళ్లే తెచ్చిన పికో అనే బుల్లి బోర్డు చాలు, వైఫై కావాలంటే 2022 నాటి పికో డబ్ల్యూ. ర్యామ్ 264 కేబీ. మీరు తప్పు చదవలేదు, కేబీయే. ఓఎస్ లేదు, షట్‌డౌన్ చేసే పని లేదు, ప్లగ్ పెట్టగానే మీ మైక్రోపైథాన్ ప్రోగ్రామ్ మొదలైపోతుంది. పైగా తేమ సెన్సర్ ఇచ్చేది ఎక్కువ తక్కువల అనలాగ్ వోల్టేజీ, దాన్ని చదివే పిన్ పెద్ద బోర్డుల్లో ఒక్కటీ లేదు, ఎమ్‌సీపీ3008 లాంటి చిప్ వేరేగా కలపాలి. పికోలో అలాంటివి మూడున్నాయి.

సెన్సర్‌లో రెండు పుల్లలు మట్టిలో గుచ్చే రకం కొన్నాళ్లకే తుప్పు పడుతుంది, కెపాసిటివ్ రకం తీసుకుని పై భాగానికి తడి తగలకుండా పూత వేయండి. గాలిలో పట్టుకుని ఒక అంకె, గ్లాసు నీళ్లలో ముంచి ఒక అంకె రాసుకుంటే మీ ఎండ, మీ తడి ఎక్కడో తెలుస్తుంది. పంపును పిన్‌కు నేరుగా తగిలించారో బోర్డు పోతుంది. మధ్యలో మాస్ఫెట్ (చిన్న సిగ్నల్‌తో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) పెట్టి, పంపుకు వేరే కరెంటు ఇచ్చి, రెండు గ్రౌండ్‌లు కలిపి, మోటారుకు అడ్డంగా డయోడ్ వేయండి. ఇక కోడ్‌లో ఒక హద్దు రాయడం తప్పనిసరి. ఎవరో కుండీ జరుపుతుంటే సెన్సర్ ఊడి బయట పడుతుంది, పాపం అది ‘మట్టి ఎండింది’ అనే చెప్తూ ఉంటుంది, పంపు బకెట్ మొత్తం నేల మీద గుమ్మరిస్తుంది. ఒకసారికి పది సెకన్లకు మించి నడవకూడదు, మళ్లీ గంట దాకా తిరగకూడదు అని పెట్టుకోండి.

‘ఆరెంజ్ పై లాంటి వాటిలో అదే ధరకు ఎక్కువ ర్యామ్, ఎక్కువ కోర్లు ఇస్తున్నారు. తీసుకోవచ్చా?’

హార్డ్‌వేర్ బాగానే ఉంటుంది. మూడేళ్ల తర్వాత ఓఎస్ ఎవరిస్తారన్నదే ప్రశ్న. అమ్మినవాళ్ల సైట్‌లో ఎప్పటిదో ఒక కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) ఉన్న ఇమేజ్ పడేసి కొత్త మోడల్ వైపు వెళ్లిపోవడం మామూలే. ముందు ఇలాంటి బోర్డులకు లైనక్స్ తయారుచేసే ఆర్మ్‌బియన్ సైట్‌లో ఆ మోడల్ పేరు వెతకండి, బాగా చూసుకుంటున్నారంటే ధైర్యంగా కొనండి, లేదంటే కాగితం మీది కోర్లతో ఏం చేసుకుంటాం.

‘ఊరెళ్లినప్పుడు ఇంట్లోని బోర్డులోకి వెళ్లాలని రౌటర్‌లో పోర్టు తెరిచాను. లాగ్‌లో తెలియని ఐపీల నుంచి వందల ప్రయత్నాలు కనిపిస్తున్నాయి. టెన్షన్‌గా ఉంది.’

టెన్షన్ పడాల్సిందే, ఈ పూటే ఆ పోర్టు మూసేయండి. మిమ్మల్ని ఎవరూ పనిగట్టుకుని పట్టుకోలేదు, తెరిచి ఉన్న ప్రతి తలుపునూ రోబో ప్రోగ్రాములు నెట్టి చూస్తుంటాయి. 2022 ఏప్రిల్‌కు ముందు వేసిన ఓఎస్ అయితే ‘పై’ అనే యూజర్, అందరికీ తెలిసిన పాస్‌వర్డ్ ఇంకా అలాగే ఉన్నాయేమో చూడండి, ఆ నెలలోనే వాటిని తీసేశారు. బయటి నుంచి వెళ్లడానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌లోకి గుప్త దారి) పెట్టుకోండి. మీ నెట్ కంపెనీ సొంత పబ్లిక్ ఐపీ ఇవ్వకపోతే టెయిల్‌స్కేల్, దానికి రౌటర్‌లో ఏ పోర్టూ తెరవక్కర్లేదు.

‘దూరం కొలిచే సెన్సర్ పెట్టినప్పటి నుంచి ఒక పిన్ ఎప్పుడూ ఆన్ అనే చూపిస్తోంది. బోర్డు పోయినట్టేనా?’

హెచ్‌సీ-ఎస్ఆర్04 అయి ఉంటుంది. దాని ఎకో పిన్ 5 వోల్టులు వదులుతుంది, బోర్డు పిన్‌లు తట్టుకునేది 3.3. మధ్యలో రెండు రెసిస్టర్లతో వోల్టేజీ తగ్గించాలి. నేనూ ఒక బోర్డును ఇలాగే కాల్చుకున్నాను, కాబట్టి మిమ్మల్ని అనే హక్కు నాకు లేదు. ఆ పిన్ ఒక్కటే పోయి ఉంటే మిగతావి పనిచేస్తాయి, దాని మీద టేప్ ముక్క అంటించి పక్క పిన్‌కు మారండి. ఏ పనీ లేకుండా ఉన్నప్పుడు కూడా చిప్ చేయి పెట్టలేనంత వేడెక్కుతోందంటే మాత్రం లోపల ఇంకేదో కాలింది, దాన్ని రాత్రంతా ఆన్‌లో వదలకండి.