కుక్క సంగతి దాచింది ఆయన, మాటపడింది నేను

ప్రశ్న: మాకు పెళ్లయి 11 ఏళ్లు. ఆరేళ్ల కుక్క ఉంది. ఎక్కడికి వెళ్లినా దాన్ని వెంట తీసుకెళ్లాల్సిందే అంటారు మావారు. పోయిన సెలవుల్లో ఒక బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌లో, అంటే గది అద్దెకిచ్చి పొద్దున టిఫిన్ పెట్టే ఇంట్లో దిగాం. ముందే చెబితే గది ఇవ్వరని ఆయన కుక్క సంగతి చెప్పకుండానే బుక్ చేశారు. రెండో రోజు రాత్రి దాన్ని గదిలో ఉంచి భోజనానికి వెళ్లొచ్చాం. ఆ గంటసేపూ ఒకటే అరుపులట. తలుపు కింది భాగమంతా గీకేసింది. ఇంటావిడ ఆయన్ని వదిలేసి నన్ను నిలదీసింది. పక్క గదివాళ్లు పొద్దున బ్రేక్‌ఫాస్ట్ దగ్గర మా వైపు కన్నెత్తి చూడలేదు. ఇప్పుడు మళ్లీ ప్రయాణం అంటున్నారు. కుక్క వస్తే నేను రానన్నాను. అయితే ఎవరమూ వెళ్లొద్దని ఆయన మాట్లాడటం మానేశారు. తప్పు నాదేనా?

జవాబు: కుక్క వస్తే రానన్నారు గానీ, మీ ఉత్తరంలో దాని మీద కోపం నాకు ఎక్కడా కనిపించలేదు. సంగతి దాచింది ఆయన, తల దించుకున్నది మీరు. మీకు మండింది అక్కడ. ఆయనతో అనాల్సిన మాట కూడా అదే. మీరు అన్నది వేరు కాబట్టి, 'నేను కావాలో కుక్క కావాలో తేల్చుకో' అన్నట్టు ఆయనకు వినిపించి ఉంటుంది. అలా వినిపించాక ఎవరైనా మొండికేస్తారు. ఆ షరతు వెనక్కి తీసుకోండి. కోపం వెనక్కి తీసుకోనక్కర్లేదు.

'నేనేం అబద్ధమాడలేదు, వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు' అని ఆయన అనొచ్చు. చాలామంది భర్తలు వాడే వాదనే ఇది, భార్యలూ వాడతారు లెండి. కానీ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ అంటే చాలావరకు ఒకరు కాపురముంటున్న ఇల్లు. పొద్దున్నే ముక్కూమొహం తెలియనివాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. ఆ ఇంట్లో ముసలి పిల్లి ఉండొచ్చు. మీ తర్వాత ఆ గదిలో దిగేవారికి ఎలర్జీ ఉండొచ్చు. కుక్క ఎలర్జీకి వెంట్రుకలే కారణం అనుకుంటాం గానీ, దాని లాలాజలంలోనూ చర్మం నుంచి రాలే సన్నటి పొట్టులోనూ ఉండే ప్రోటీన్లతోనే అసలు ఇబ్బంది. అవి పరుపులకూ సోఫాలకూ పట్టుకుని ఉండిపోతాయి, ఒకసారి ఊడిస్తే పోవు. ఇంటివాళ్లు ముందే చెప్పమనేది ఇందుకు.

ఇక కుక్క సంగతి. అది చేసింది అల్లరి అనుకోను. కొత్త గది, కొత్త వాసనలు, ఉన్న ఇద్దరూ తలుపేసుకుని వెళ్లిపోయారు. మళ్లీ వస్తారని దానికి ఎవరు చెప్పారు? తలుపు దగ్గరే గీకిందంటే మీ వెనకాలే రావాలని చూసింది. ఈ రకం భయం సాధారణంగా మనం గడప దాటిన మొదటి అరగంటలోనే బయటపడుతుంది. కాబట్టి ఒక పని చేయండి. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి ఇంట్లోనే ఒకచోట పెట్టి, ఇద్దరూ 30 నిమిషాలు బయట తిరిగి రండి. సొంత ఇంట్లోనూ అరిచి, గీకి, చొంగ కారుస్తుంటే ప్రయాణం కాస్త పక్కన పెట్టి, ఆ వీడియో పశువైద్యుడికి చూపించండి. రెండు నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా ఒంటరితనం అలవాటు చేసే పద్ధతులు ఉన్నాయి. ఇంట్లో హాయిగా పడుకుని ఉంటే సమస్య కొత్త చోటుతోనే అనుకోవచ్చు. అప్పుడు అది రోజూ పడుకునే దుప్పటిని ఉతక్కుండానే వెంట తీసుకెళ్లండి. ఆ వాసన దానికి ధైర్యం. తిట్టడం, కొట్టడం వద్దు, భయం రెట్టింపవుతుంది.

గదిలో వద్దన్నారని కారులో ఉంచేద్దామనే ఆలోచన మాత్రం మీ ఇద్దరిలో ఎవరికీ రాకూడదు. ఎండలో ఆగిన కారు లోపల పది నిమిషాల్లోనే సుమారు 10 డిగ్రీల సెల్సియస్ వేడి పెరుగుతుంది. అద్దం రెండు వేళ్లంత దించినా ఒరిగేదేమీ లేదు. కుక్క మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడదు, వగర్చే చల్లబడాలి. ఉడుకు గాలిలో అది ఎంతసేపని వగరుస్తుంది?

ఈసారి గది కోసం ఫోన్ చేయాల్సింది ఆయన, మీరు పక్కనుండగా. 'కుక్కలకు అనుమతి ఉంది' అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు. గదిలో ఒంటరిగా ఉంచి వెళ్లొచ్చా, బ్రేక్‌ఫాస్ట్ గదిలోకి తేవచ్చా, వాళ్లకు కుక్కో పిల్లో ఉందా, పెరటికి కంచె ఉందా, శుభ్రం చేసినందుకు అదనంగా ఎంత తీసుకుంటారు, రేబిస్ టీకా కాగితం చూపించాలా, ఇవన్నీ అడగాలి. మొదటి ప్రశ్నకు వద్దు అనే జవాబే ఎక్కువగా వస్తుంది. అంటే ఒకరు తిని వచ్చాక మరొకరు వెళ్లాలి, లేదా తెచ్చుకుని గదిలోనే తినాలి. దీనికి ఒప్పుకుంటేనే బుక్ చేయండి. ఈ అవస్థంతా ఎందుకు అనిపిస్తే, దానికి బాగా అలవాటైన మనిషి దగ్గర మూడు రోజులు వదలడంలో పాపమేమీ లేదు. కొన్ని కుక్కలకు అదే సుఖం. ఆయన ప్రేమ తగ్గిందని ఎవరూ అనుకోరు.

తలుపు బాగుచేయించడానికి అయిన ఖర్చు మీరు ఇచ్చారో లేదో రాయలేదు. ఇవ్వకపోతే కొత్త ప్రయాణం మాట తర్వాత, ముందు ఆ ఇంటావిడకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పి, ఎంతయిందో అడగాలి. ఆ ఫోన్ మీరు చేయకండి. నంబరు మాత్రం ఆయన చేతికివ్వండి.